సముద్రపు అడుగు గిడ్డంగి కాదు

హిందూ మహాసముద్రం అడుగున మన దేశానికి అపారమైన ఖనిజ సంపద పడి ఉందని, దాన్ని పైకి తెచ్చుకోవడంలో ఆలస్యం చేస్తున్నామని ఒక వాదం ఇప్పుడు బాగా చెలామణిలో ఉంది. ఆ లోతుల్లో ఊళ్లు లేవు, అడవులు లేవు, ఖాళీ చేయించాల్సిన మనుషులు లేరు. విద్యుత్ కార్లకు నికెల్ కావాలి, కోబాల్టు కావాలి. మనం తటపటాయిస్తే చైనా ఎత్తుకుపోతుంది. కాబట్టి పర్యావరణ అధ్యయనాలంటూ ఏళ్లు గడపడం దేశానికి నష్టం. టీవీ చర్చల్లో, సంపాదకీయాల్లో, చివరికి పోటీ పరీక్షల గైడ్లలో కూడా ఇదే పాఠం వినిపిస్తోంది. ఈ వాదం తప్పు. ఎందుకు తప్పో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో కొన్ని నిజాలు కలిసి ఉన్నాయి.

ఆ నిజాలను ముందే ఒప్పుకుందాం. 1981 జనవరి 26న మన పరిశోధక నౌక గవేషణి అరేబియా సముద్రం అడుగు నుంచి తొలిసారిగా బహులోహ నాడ్యూళ్లను పైకి తెచ్చింది. 1987లో ఈ రంగంలో మార్గదర్శక పెట్టుబడిదారు హోదా పొందిన మొదటి దేశం మనదే. మధ్య హిందూ మహాసముద్ర బేసిన్‌లో 75,000 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణ హక్కు మనకుంది. అక్కడ 38 కోట్ల టన్నుల నాడ్యూళ్లు ఉన్నాయని అంచనా. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన వరాహ యంత్రం 2021లో 5,270 మీటర్ల లోతున సముద్రపు అడుగు మీద నడిచింది. అదే ఏడాది కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఇవన్నీ మన శాస్త్రవేత్తల, ఇంజనీర్ల ఘనతలు. వాటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు.

నా అభ్యంతరం వేరు. ఈ వాదం సముద్రపు అడుగును సరుకు నిండిన గిడ్డంగిగా చూస్తుంది. అలా చూసినప్పుడు పరిశోధన అంటే సరుకు లెక్క, పర్యావరణ అధ్యయనం అంటే తాళం తీయడానికి అడ్డొచ్చే కాగితం. కానీ గత నలభై, యాభై ఏళ్లలో సముద్ర శాస్త్రం తేల్చింది ఏమిటంటే, ఆ అడుగు నిరంతరం పనిచేస్తున్న నేల. ఎంత ఉందో తెలిసినంత మాత్రాన అది ఏం చేస్తోందో తెలిసినట్టు కాదు. మొదటిది తెలుసుకుని రెండోదాన్ని వదిలేసి యంత్రాలు దించడాన్ని శాస్త్రీయ ప్రగతి అనలేం.

ముందు ‘అక్కడ ఏమీ లేదు’ అన్న మాట చూద్దాం. నాడ్యూల్ అంటే గుప్పిట్లో పట్టేంత నల్లరాయి. సొరచేప పన్నో, గవ్వ ముక్కో నడుమ ఉండి, దాని చుట్టూ నీటిలోని లోహాలు పొర మీద పొరగా పేరుకుంటాయి. పదిలక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. చుట్టూ వందల కిలోమీటర్ల దూరం మెత్తటి బురద. ఆ బురదలో గట్టిగా పట్టుకోవడానికి ఉన్న ఆధారం ఈ రాయి ఒక్కటే. స్పంజికలు, పగడపు జాతి జీవులు దాని మీదే పాతుకుంటాయి. పెరూ ఎదుట పసిఫిక్‌లో నాలుగు వేల మీటర్లకు దిగువన, చనిపోయిన స్పంజికల కాడల మీద గుడ్లు పెట్టి వాటిని కాపాడుకుంటున్న ఆక్టోపస్‌లను శాస్త్రవేత్తలు 2016లో ప్రపంచానికి చూపించారు. ఆ కాడలు నిలబడింది నాడ్యూళ్ల మీద. రాయిని తీసేస్తే స్పంజిక లేదు, స్పంజిక లేకపోతే గుడ్లకు చోటు లేదు. తీసిన రాయి స్థానంలో మరో రాయి పెరగడానికి మానవజాతి చరిత్ర మొత్తం కూడా చాలదు.

పసిఫిక్‌లోనే నాడ్యూళ్లకు పేరుపడ్డ క్లారియన్-క్లిప్పర్టన్ మండలంలో ఇంతవరకు నమోదైన జీవజాతులను 2023లో లెక్క కట్టారు. మొత్తం 5,578 అని అంచనా. వాటిలో తొంభై శాతం దాకా శాస్త్రం ఇంకా పేరు పెట్టనివే. అదీ ప్రపంచంలో అన్నింటికన్నా ఎక్కువగా అన్వేషించిన నాడ్యూల్ ప్రాంతంలో. పేరైనా పెట్టని జీవుల నేలను ఎడారి అని తీర్మానించడం అజ్ఞానాన్ని ఆధారంగా చూపడమే.

అంత దూరం ఎందుకు, మన గోదావరి, కృష్ణ నదులు కలిసే సముద్రాన్నే తీసుకుందాం. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ కోసం దశాబ్దాలుగా వెతుకుతున్నారు. 2002లో అక్కడ పెద్ద గ్యాస్ నిక్షేపం బయటపడింది. 2006లో ప్రత్యేక నౌకతో డ్రిల్లింగ్ చేసి బురదలో గడ్డకట్టిన మీథేన్ హైడ్రేట్ల మందపాటి పొరను కనుగొన్నారు. 2009లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. 2015లో మళ్లీ డ్రిల్లింగ్. ఇంత జరిగాక, 2019లో గానీ మరో సంగతి మనకు తెలియలేదు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు అదే బేసిన్‌లో 900 నుంచి 1,800 మీటర్ల లోతున మీథేన్ ఊరే చోట్లను, ఆ ఊటల చుట్టూ ప్రత్యేకమైన జీవసమూహాన్ని కనుగొన్నట్టు ప్రకటించారు. సూర్యకాంతితో నిమిత్తం లేకుండా, అడుగు నుంచి ఊరే రసాయనాలను వాడుకునే బాక్టీరియాను తమ ఒంట్లో పెంచుకుంటూ బతికే ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు అక్కడున్నాయి. భారతదేశపు సముద్ర జలాల్లో ఇలాంటి జీవసమూహం నమోదు కావడం అదే మొదలు. గ్యాస్ ఎంత ఉందో ముందే తెలిసింది. ఆ గ్యాస్ ఊట మీద జీవం నిలబడి ఉందని తెలియడానికి అంతకాలం పట్టింది. సరుకు కోసం వెతికేవాడికి సరుకే కనిపిస్తుంది. వెతకనిది కనిపించలేదు కాబట్టి లేదు అనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

ఇక రెండో మాట: కాస్త కదిపినా సముద్రం తనను తాను బాగుచేసుకుంటుంది. ఈ మాటను ఊహతో కాక ప్రయోగాలతో పరీక్షించారు. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ బేసిన్‌లో సుమారు 4,150 మీటర్ల లోతున ఎనిమిది మీటర్ల వెడల్పు నాగలి లాంటి పరికరంతో అడుగును దున్నారు. 26 ఏళ్ల తర్వాత, 2015లో తిరిగి వెళ్లి చూస్తే చాళ్లు అలాగే ఉన్నాయి. అక్కడి సూక్ష్మజీవుల పని మునుపటి స్థితికి రావడానికి యాభై ఏళ్లకు పైగా పట్టవచ్చని 2020లో తేల్చారు. 1979లో పసిఫిక్‌లో ఒక గనుల యంత్రాన్ని పరీక్షించిన చోటుకు 44 ఏళ్ల తర్వాత వెళ్లి, 2025లో ఫలితాలు ప్రకటించారు. యంత్రం గీసిన గాట్లు చెదరలేదు. కొన్ని చిన్న జీవులు, కదలగల జీవులు తిరిగి వచ్చాయి. రాయిని అంటిపెట్టుకుని బతికేవి చాలావరకు రాలేదు. కొన్ని తిరిగి వచ్చాయన్నది నిజం, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఆ కొన్నింటిని చూపి అంతా సర్దుకుంటుందని చెప్పడానికి ఈ ఫలితాలు ఒప్పుకోవు.

మన సొంత ప్రయోగం కూడా ఉంది. 1997లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ మన నాడ్యూల్ ప్రాంతంలోనే మూడు కిలోమీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు గల పట్టీలో అడుగు బురదను కావాలని కలచివేసి, ఏం జరుగుతుందో కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూసింది. అభివృద్ధి చెందుతున్న దేశం ఒకటి ఇలాంటి పనికి పూనుకోవడం అరుదు. ఆ శాస్త్రవేత్తలకు మనం రుణపడి ఉన్నాం. అయితే ఆ పట్టీ వైశాల్యం 0.6 చదరపు కిలోమీటర్లు. అందులో నాడ్యూళ్లను ఏరలేదు, బురదను మాత్రమే లేపారు. దాన్ని చూపించి ‘మన అధ్యయనం ఎప్పుడో అయిపోయింది’ అనేవాళ్లు ఒక్కసారి లెక్క వేయాలి.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. 75,000 చదరపు కిలోమీటర్లలో 38 కోట్ల టన్నులు అంటే చదరపు మీటరుకు సగటున ఐదు కిలోలు. గని లాభసాటిగా నడవాలంటే ఏటా 15 లక్షల నుంచి 30 లక్షల టన్నుల దాకా తీయాలని ఈ రంగంలోనివాళ్లే చెబుతారు. 30 లక్షల టన్నులు కావాలంటే, ఒక్క రాయి కూడా వదలకుండా ఏరినా, ఏడాదికి సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడుగును గీకాలి. నిన్నమొన్నటి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ విస్తీర్ణం 650 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు ఒక హైదరాబాద్ అంత నేలను ఏటా గీకడానికి, 0.6 చదరపు కిలోమీటర్ల పట్టీ మీద చేసిన పరీక్షను పూచీగా చూపగలమా? యంత్రం నడిచిన చోటుతో నష్టం ఆగదు కూడా. లేచిన సన్నటి ఒండ్రు ప్రవాహాలతో కలిసి పక్క ప్రాంతాల మీద పడుతుంది. పైన ఓడలో రాళ్లను వేరుచేశాక మిగిలిన బురదనీటిని మళ్లీ సముద్రంలోకే వదలాలి. ఏ లోతులో వదిలితే ఎంత హాని అన్నది ఇంకా తేలని ప్రశ్న.

తీసే రాయిలో ఏముందో కూడా చూడాలి. ప్రభుత్వ అంచనాల ప్రకారం ఆ 38 కోట్ల టన్నుల్లో నికెల్ 47 లక్షల టన్నులు, రాగి 43 లక్షల టన్నులు, కోబాల్టు ఐదున్నర లక్షల టన్నులు. అంటే నూరు కిలోల రాయిలో ఈ మూడూ కలిపితే రెండున్నర కిలోలు. మరో 24 కిలోలు మాంగనీసు. అది మన విజయనగరం జిల్లాలో నేల మీదే దొరుకుతోంది. మిగిలిందంతా ఏ ఒడ్డుకో చేర్చి, ఎక్కడో పారబోయాల్సిన వ్యర్థం. ఊళ్లు లేని చోట తవ్వుతున్నామని చెప్పేవాళ్లు, ఆ వ్యర్థం చేరే తీరంలో ఊళ్లుంటాయని చెప్పరు.

మూడో వాదం అన్నింటికన్నా బరువైనది. నేల మీద గనుల వల్ల ఆదివాసీలు ఊళ్లు కోల్పోతున్నారు, అడవులు పోతున్నాయి, దానికన్నా సముద్రం నయం కదా అంటారు. మన తూర్పు కనుమల్లో బాక్సైట్ గనుల మీద సాగిన పోరాటాలు తెలిసినవారెవరూ ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేరు. కానీ సముద్రంలో ఒక గని తెరిస్తే నేల మీద ఒక గని మూసేస్తామని ఏ కంపెనీ, ఏ ప్రభుత్వం రాసిచ్చింది? అలాంటి ఒప్పందం ఎక్కడా లేదు. ఖనిజం ధర ఉన్నంతకాలం రెండు చోట్లా తవ్వుతారు. ఆదివాసీకి రక్షణ ఐదో షెడ్యూలును, అటవీ హక్కుల చట్టాన్ని నిజాయితీగా అమలు చేయడంలో ఉంది. ఆ పని చేయనివాళ్లు సముద్రాన్ని తవ్వడానికి ఆదివాసీ పేరు వాడుకోవడం అన్యాయం. ఇక బ్యాటరీల సంగతి. నికెల్ గానీ కోబాల్టు గానీ అక్కర్లేని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు 2024 నాటికే ప్రపంచ విద్యుత్ వాహనాల మార్కెట్లో దాదాపు సగానికి చేరాయి. మన రోడ్ల మీద తిరిగే విద్యుత్ కార్లలోనూ చాలావాటిలో ఉన్నవి అవే. కోబాల్టు లేనిదే కారు కదలదన్న భయం చూపి కోట్ల ఏళ్ల నేలను తవ్వమనడం కాలం చెల్లిన లెక్క.

నాలుగోది చైనా భయం. అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో కుదిరిన మన ఒప్పంద ప్రాంతంలో నాడ్యూళ్లను అన్వేషించే హక్కు ఒప్పందం ఉన్నంతకాలం మనకు మాత్రమే ఉంటుంది. మరో దేశం వచ్చి అక్కడ తవ్వుకుపోవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ చట్టం సముద్ర చట్టాలపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక. ఏ దేశానికీ చెందని సముద్రపు అడుగు మానవజాతి ఉమ్మడి వారసత్వం అని అది ప్రకటించింది. కింగ్‌స్టన్‌లోని అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ దాని ప్రకారమే నడుస్తుంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఈ సంస్థను పక్కనపెట్టి తమ దేశ చట్టం కిందే లోతు సముద్ర తవ్వకాలకు అనుమతులిచ్చే ఉత్తర్వు మీద సంతకం చేశారు. నిజంగా భయపడాల్సింది దీనికి. బలం ఉన్నవాడు ఒంటరిగా వెళ్లి తవ్వుకోవడం ఆనవాయితీ అయితే మొదట నష్టపోయేది మన వంటి దేశాలే. తొందరపడి తవ్వితే ఆ ఆనవాయితీకి మనమూ బలం చేకూర్చినవాళ్లమవుతాం. ముప్పైకి పైగా దేశాలు తవ్వకాలను ఆపాలనో, జాగ్రత్తగా విరామం ఇవ్వాలనో కోరుతున్నాయి. 2024 జనవరిలో తన జలాల్లో తవ్వకానికి దారి తెరిచిన నార్వే, అదే ఏడాది డిసెంబరులో లైసెన్సుల ప్రక్రియను వాయిదా వేసింది. ఆగి చూడమన్నంత మాత్రాన ఈ దేశాలేవీ వెనకబడిపోలేదు.

లోతు సముద్రం గురించి ఇంత చెప్పినా, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది తీరానికి దగ్గరి అడుగు. 2024 నవంబరు 28న కేంద్ర గనుల శాఖ తొలిసారిగా 13 సముద్ర ఖనిజ బ్లాకుల వేలం ప్రకటించింది. గుజరాత్ ఎదుట సున్నపు బురద మూడు, కేరళ ఎదుట ఇళ్ల నిర్మాణానికి పనికొచ్చే ఇసుక మూడు, గ్రేట్ నికోబార్ దగ్గర నాడ్యూళ్లు, లోహపు పెంకులు ఏడు. కేరళ బ్లాకులు కొల్లం ఎదుట ఉన్నాయి. ఆ రాష్ట్రంలో పేరుమోసిన చేపల వేట ప్రాంతమది. 2025 ఫిబ్రవరిలో మత్స్యకారులు హర్తాళ్ చేశారు. మార్చిలో అక్కడి శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. దానికి వచ్చే జవాబు ఒక్కటే: ఇసుకే కదా, అలలు మళ్లీ తెచ్చిపోస్తాయి.

తెచ్చిపోయవు. తీరానికి దూరంగా, లోతు నీటి కింద ఉన్న ఇసుకల్లో చాలావరకు ఈనాటి నదులు తెచ్చినవి కావు. గత మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగినప్పుడు, అప్పటి ఒడ్డున పేరుకుని, తర్వాత నీరు పెరిగి మునిగిపోయిన పాత ఇసుకలు అవి. అంత లోతున మామూలు అలలకు ఇసుకను కదిపే బలం ఉండదు. ఇక నదులు కొత్తగా తెచ్చి పోస్తాయా అంటే, గోదావరినే అడుగుదాం. 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులున్న గోదావరి ఒండ్రు 1990ల నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లోనే చూపించారు. ఎగువన ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తుంటే డెల్టా అంచులు కోసుకుపోతున్నాయి. ఉప్పాడలో సముద్రం రోడ్డును, ఇళ్లను మింగడం మనం ఏటా చూస్తున్నాం. తీరం, తీరానికి ఎదుటి అడుగు వేరువేరు కావు. ఒకచోట గొయ్యి పడితే అలల తీరు మారి మరోచోట ఒడ్డు పోవచ్చు. సముద్రపు ఇసుకను భారీగా వాడే నెదర్లాండ్స్ కూడా ఇరవై మీటర్ల లోతు గీతకు అవతల మాత్రమే తవ్వాలని నియమం పెట్టుకుంది, దశాబ్దాలుగా ఆ గోతులను గమనిస్తూనే ఉంది. మనం ముందు వేలం వేసి, తర్వాత అధ్యయనం చేద్దామంటున్నాం. చేపల సంతానం కోసం తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు గంగపుత్రులను వేటకు వెళ్లొద్దంటాం. ఆ చేపలు గుడ్లు పెట్టే, మేత మేసే అడుగును తవ్వే యంత్రానికి మాత్రం ఏ నిషేధమూ అక్కర్లేదంటే ఆ న్యాయం ఎవరికి అర్థమవుతుంది?

సముద్ర పరిశోధన విలువ ఖనిజంలోనే ఉందన్న నమ్మకాన్ని మన సొంత చరిత్రే ఖండిస్తుంది. 1952లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి విశాఖ ఎదుటి సముద్రాన్ని కొలవడం మొదలుపెట్టారు. మన తీరం ఎదుట సముద్రంలో మునిగి ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అన్న పేర్లు అలా వచ్చాయి. మహాదేవన్ అంటే ఆ విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర ఆచార్యులు. వాళ్లు అమ్మడానికి ఏదీ వెతకలేదు. నీరు ఎలా కదులుతోంది, ఒండ్రు ఎటు పోతోంది, అడుగు ఎలా ఉంది అని అడిగారు. ఆ ప్రశ్నల దారిలోనే నేడు హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) పనిచేస్తోంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రాన్ని నడుపుతోంది. అడుగున పెట్టిన పీడన పరికరాలు సముద్రం ఉబ్బును పట్టి చెబుతాయి. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు సమాచారం వెళుతోంది. సాగరం నుంచి మనకు ఇప్పటికే దక్కిన అసలైన ఆదాయం ఇదే. ప్రాణాలు దక్కాయి, వేట దక్కింది. ఒక్క నాడ్యూల్ కూడా అమ్మకుండానే.

చివరి అభ్యంతరం ఒకటుంది: అంతా తెలిశాకే తవ్వాలంటే ఎప్పటికీ తవ్వలేం. అంతా తెలియాలని ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నవి లెక్కపెట్టగలిగిన పనులు. తవ్వే ప్రాంతంలో ఏ జీవులున్నాయో పేర్లతో సహా మొదటి చిత్రం సిద్ధం కావాలి. పరీక్ష తవ్వకం చేస్తే దాని ఫలితాన్ని కనీసం రెండు దశాబ్దాలు గమనించాలి. తవ్వాలనుకునే సంస్థే పర్యావరణ సమాచారం సేకరించే ఇప్పటి పద్ధతి పోయి, స్వతంత్ర శాస్త్రవేత్తలు ఆ పని చేయాలి. సేకరించిన సమాచారమంతా ప్రజల ముందుండాలి. తీరప్రాంత బ్లాకు వేలం వేసే ముందు ఆ తీరంలోని మత్స్యకార గ్రామాల్లో బహిరంగ విచారణ జరగాలి, వాళ్ల అనుభవం నివేదికలోకి ఎక్కాలి. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని మీథేన్ ఊటల వంటి చోట్లను తవ్వకం నిషిద్ధ ప్రాంతాలుగా ప్రకటించాలి. యంత్రానికి ఖర్చు పెట్టే ప్రతి రూపాయికి తగినంత డబ్బు అడుగును అర్థం చేసుకోవడానికీ కేటాయించాలి. వీటిలో అసాధ్యమైనది ఏదీ లేదు. మన సంస్థలకు ఆ సామర్థ్యం ఉంది, వాటికి కావాల్సింది సమయం, స్వేచ్ఛ.

ముగ్గురు మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య 6000 చెన్నైలో సిద్ధమవుతోంది. అది వెళ్లాలి. మనవాళ్లు ఆ చీకటిలోకి దిగి తమ కళ్లతో చూడాలి. అయితే దాన్ని గనికి ముందు నడిచే వాహనంగా మార్చకూడదు. దిగినవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఇక్కడ ఎంత ఉంది’ అన్నది కాదు, ‘ఇక్కడ ఏం జరుగుతోంది’ అన్నది. దానికి నిలబడే జవాబు వచ్చేదాకా లోతు సముద్రంలో గానీ, తీరం ఎదుట గానీ తవ్వకానికి అనుమతి ఇవ్వకూడదు. పార్లమెంటు ఆ మాటను చట్టంలో రాయాలి.